పాత కేసు ఉన్నవాళ్లకు సర్కారు కొలువు: అటెస్టేషన్ ఫారం నుంచి పోలీస్ వెరిఫికేషన్ దాకా

రాతపరీక్ష గట్టెక్కింది, ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షలు) అయిపోయాయి, మెరిట్ జాబితాలో పేరొచ్చింది. ఆ తర్వాత చేతికొచ్చేది అటెస్టేషన్ ఫారం, అంటే మీ నడవడిక, పూర్వ చరిత్ర గురించి అడిగే ఫారం. ఎప్పుడో ఊళ్లో జరిగిన కొట్లాట కేసో, కాలేజీ రోజుల ధర్నా కేసో, పేకాటలో దొరికి కట్టిన ఫైనో ఉన్నవాళ్లకు ఈ ఫారం చూడగానే చెయ్యి ఆగిపోతుంది. ఇలాంటప్పుడు పక్కనున్నవాళ్లు ఇచ్చే సలహా దాదాపు ఒకటే: ‘కేసు కొట్టేశారుగా, లేదు అని రాసెయ్.’ ఉద్యోగాలు ఎక్కువగా ఊడేది ఆ సలహా విన్నందుకే. చిన్న కేసును నిజంగా చెప్పినవాళ్లకు దారి ఉంది. అదే కేసును దాచినవాళ్లు కేసు గురించి కాకుండా, దాచడం గురించి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇది గుమాస్తా పోస్టు నుంచి కానిస్టేబుల్ దాకా, శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రం, హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాలలు, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, విశాఖ నేవల్ డాక్‌యార్డ్ లాంటి భద్రత కట్టుదిట్టంగా ఉండే చోట్ల దాకా వర్తించే విషయం. భాష మారుతుంది గానీ అడిగేది ఒకటే: ఈ మనిషి నడవడిక, పూర్వ చరిత్ర ఈ కొలువుకు తగినవేనా? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లో కూడా నియామకానికి ఉండాల్సిన సాధారణ అర్హతల్లో ఇదొకటి.

మొదటి పని: మీ కేసు కాగితాల్లో ఏముందో చూడండి

‘కేసు ఎత్తేశారు’, ‘రాజీ అయిపోయింది’, ‘నా పేరు తీసేశామన్నారు’. ఇవి జ్ఞాపకాలు. వెరిఫికేషన్‌లో పనికొచ్చేవి కాగితాలే. ఫారం చేతికి రాకముందే, అంటే నోటిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టే రోజుల్లోనే వీటిని పోగేయడం మొదలుపెట్టాలి. సర్టిఫైడ్ కాపీకి రోజులూ పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఫారం నింపడానికి ఇచ్చే గడువు అంత ఉండదు.

ఎఫ్ఐఆర్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి. క్రైమ్ నంబరు, సంవత్సరం, పోలీస్ స్టేషన్ పేరు తెలిస్తే చాలు. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. ఆ తర్వాతి కాలపు ఎఫ్ఐఆర్‌లు చాలావరకు పోలీసు శాఖ సైట్లలోనే దొరుకుతాయి. అంతకు ముందువైతే కోర్టు కట్టలోంచి కాపీ తీసుకోవాలి.

తర్వాత ఈ-కోర్ట్స్ సైట్‌లో వెతకండి. పేరుతో, ఎఫ్ఐఆర్ నంబరుతో, కేసు నంబరుతో వెతకొచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు ఒకటుంటుంది, దాన్ని రాసిపెట్టుకోండి. స్టేషన్‌లో క్రైమ్ నంబరు వేరు, కోర్టులో నంబరు వేరు అన్నది మరచిపోకండి. మేజిస్ట్రేట్ దగ్గర సి.సి. (క్యాలెండర్ కేసు) నంబరు, చిన్న కేసులకు ఎస్.టి.సి. (సమ్మరీ ట్రయల్ కేసు) నంబరు, సెషన్స్ కోర్టుకు వెళ్తే ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరు. ఒకే కేసు రెండు నంబర్లతో కనిపించి, ఒకటి మాత్రమే ఫారంలో రాసి, రెండోది దాచారన్న ఆరోపణ తెచ్చుకోవడం అనవసరమైన తలనొప్పి.

చార్జిషీటు తప్పకుండా చదవాలి. మీరు ఎన్నో నిందితుడో, ఏ సెక్షన్లు మీకు తగిలించారో, మిమ్మల్ని అరెస్టు చేశారా నోటీసు ఇచ్చి వదిలారా అన్నది అందులోనే ఉంటుంది. ముందస్తు బెయిల్ తెచ్చుకుని, స్టేషన్‌లో జామీను ఇచ్చి వచ్చినవాళ్లు చాలామంది తాము అరెస్టు కాలేదనే అనుకుంటారు. చార్జిషీటులో ‘అరెస్టు చేసి బెయిలుపై విడుదల చేశాం’ అని ఉంటే, ఫారంలో అరెస్టు ప్రశ్నకు జవాబు అవుననే. అదే పాత నేర ప్రక్రియా స్మృతి 41ఏ కింద గానీ, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద గానీ నోటీసు మాత్రమే ఇచ్చి ఉంటే అది అరెస్టు కాదు.

చార్జిషీటు వేయకుండానే పోలీసులు కేసు మూసేసిన సందర్భాలూ ఉంటాయి. ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’, ‘ఫాల్స్’, ‘లాక్ ఆఫ్ ఎవిడెన్స్’ అని రాసి కోర్టుకు తుది నివేదిక పంపుతారు. ఆ తుది నివేదిక కాపీ సంపాదించండి. స్టేషన్‌లో ‘క్లోజ్ అయింది పో’ అన్న మాట నమ్మి ఊరుకుంటే, రెండేళ్ల తర్వాత అదే కేసు రికార్డుల్లో ‘అండర్ ఇన్వెస్టిగేషన్’ అని కనిపించొచ్చు.

ఇక చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: తీర్పు సర్టిఫైడ్ కాపీ. కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి తీసుకోవాలి. రెండు మూడు కాపీలు ఒకేసారి తీసుకుంటే మేలు.

ఫైన్ కట్టి బయటపడ్డామంటే శిక్ష పడినట్టే

ఈ ఒక్క సంగతి తెలియక బోర్లా పడేవాళ్లు ఎందరో. పేకాటలో పట్టుబడ్డారు, కోర్టుకు తీసుకెళ్లారు, ‘తప్పు ఒప్పుకుంటే ఫైనుతో పోతుంది’ అని ఎవరో చెప్పారు, తలూపి ఫైన్ కట్టి ఇంటికొచ్చారు. వాళ్ల దృష్టిలో కేసు అయిపోయింది. చట్టం దృష్టిలో వాళ్లు నేరం ఒప్పుకున్నారు, కోర్టు దోషిగా తేల్చింది, శిక్షగా జరిమానా వేసింది. ‘ఎప్పుడైనా శిక్ష పడిందా?’, ‘కోర్టు జరిమానా విధించిందా?’ అన్న రెండు ప్రశ్నలకూ జవాబు అవుననే. వంద రూపాయల ఫైనైనా అంతే.

డ్రంకెన్ డ్రైవ్ కూడా ఈ లెక్కలోదే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. దీన్ని రోడ్డు మీద చలానాతో తేల్చుకునే వీలు లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. హెల్మెట్ లేనందుకో, సిగ్నల్ దాటినందుకో వచ్చిన ఈ-చలానా ఆన్‌లైన్‌లో కట్టేయడం వేరు: అది కాంపౌండింగ్, అంటే కోర్టుకు వెళ్లకుండా డబ్బు కట్టి ముగించడం, కోర్టు వేసిన శిక్ష కాదు. చలానా కట్టకుండా వదిలేస్తే అది కోర్టుకు వెళ్లి అక్కడ ఫైన్ పడిందంటే మళ్లీ కథ మారుతుంది.

లోక్ అదాలత్‌లో ‘తేల్చేసుకున్నాం’ అనేవాళ్లు ఎలా తేల్చుకున్నారో చూసుకోవాలి. ఫిర్యాదుదారు, నిందితుడు రాజీ పడి, ఆ నేరం రాజీకి వీలైనదే అయితే, ఫలితం నిర్దోషిగా విడుదలైనట్టే. పాత స్మృతిలో 320(8), కొత్త సంహితలో 359(8) ఆ మాటే చెబుతాయి. కానీ అదే లోక్ అదాలత్ రోజున నేరం ఒప్పుకుని ఫైన్ కట్టి ఉంటే అది శిక్షే. రెండూ ఒకే హాల్లో, ఒకే రోజు జరుగుతాయి కాబట్టి జనానికి ఒకేలా కనిపిస్తాయి. కాగితంలో తేడా స్పష్టంగా ఉంటుంది.

ఇలా పడిన చిన్న ఫైను వల్ల ఉద్యోగం పోవాలా? 1996లో పవన్ కుమార్ వర్సెస్ హర్యానా కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది సరిగ్గా ఇదే ప్రశ్న. ఐపీసీ 294 (బహిరంగంగా అసభ్య ప్రవర్తన) కింద నేరం ఒప్పుకుని 20 రూపాయల జరిమానా కట్టిన ఉద్యోగిని, నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడిందంటూ కొలువు నుంచి తీసేశారు. అది నైతిక పతనం కిందికి రాదని కోర్టు చెప్పింది. 2,000 రూపాయల లోపు జరిమానాతో పోయే చిల్లర కేసుల్ని ఉద్యోగాలకు అడ్డు కాకుండా చేసే చట్టం తేవాలని పార్లమెంటుకు సూచించింది కూడా. ఆ తీర్పు మీకు కవచమే. కానీ ఆ కవచం దాచినవాళ్లకంటే చెప్పినవాళ్లకు బాగా పనిచేస్తుంది.

అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్‌కు నింపే ఎస్ఎఫ్-86 ఫారంలో, మద్యం, మత్తుమందుల ప్రమేయం లేని 300 డాలర్ల లోపు ట్రాఫిక్ జరిమానాలు చెప్పక్కర్లేదని అక్కడే రాసి ఉంటుంది. మన అటెస్టేషన్ ఫారంలో అలాంటి గీత లేదు. అడిగిన ప్రశ్నకు చిన్నా పెద్దా తేడా లేకుండా జవాబివ్వాలి.

12వ కాలమ్‌ను ముక్కముక్కగా చదవడం

కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారంలో ఈ ప్రశ్నలు సాధారణంగా 12వ కాలమ్‌లో ఉంటాయి. ఎప్పుడైనా అరెస్టయ్యారా? మీపై ప్రాసిక్యూషన్ (కోర్టులో నేర విచారణ) జరిగిందా? నిర్బంధంలో ఉంచారా? బైండోవర్ చేశారా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? ఏదైనా పరీక్ష నుంచి డిబార్ చేశారా (రాయకుండా నిషేధించారా), యూనివర్సిటీ బహిష్కరించిందా? పబ్లిక్ సర్వీస్ కమిషన్ డిబార్ చేసిందా? ఈ ఫారం నింపే నాటికి ఏ కోర్టులోనైనా కేసు పెండింగ్‌లో ఉందా? ఒక్కో ప్రశ్నకూ విడిగా అవును, కాదు రాయాలి.

‘ఎప్పుడైనా’ అన్న మాట దగ్గర ఆగండి. తర్వాత నిర్దోషిగా తేలినా, హైకోర్టు కేసు కొట్టేసినా, ప్రభుత్వం ఉపసంహరించుకున్నా, అరెస్టు జరిగింది జరిగినట్టే. శిక్ష ప్రశ్నకు ‘కాదు’ అనీ, అరెస్టు, ప్రాసిక్యూషన్ ప్రశ్నలకు ‘అవును’ అనీ రావడంలో వైరుధ్యమేమీ లేదు. నిర్దోషిగా బయటపడిన మనిషి ఫారం అలాగే ఉంటుంది.

బైండోవర్ ప్రశ్నను మనవాళ్లు దాదాపు చూడకుండానే దాటేస్తారు. ఎన్నికల ముందు ఊళ్లలో రెండు వర్గాల మనుషుల్నీ తహసీల్దారు ముందు హాజరుపరిచి, శాంతిభద్రతలకు భంగం కలిగించబోమని బాండు రాయించుకోవడం మామూలే. దాన్నే బైండోవర్ అంటారు, అది పాత స్మృతిలో 107, ఇప్పటి సంహితలో 126 సెక్షన్ కింద జరిగే పని. నేరం కాదు, శిక్షా కాదు. కానీ ఫారంలో దానికి ప్రత్యేకంగా ప్రశ్న ఉంది కాబట్టి రాయాల్సిందే. తహసీల్దారు కార్యాలయంలో దాని ఎం.సి. (కేసు) నంబరు ఉంటుంది.

డిగ్రీలో కాపీ కొడుతూ దొరికి డిబార్ అయినవాళ్లు కూడా ఇక్కడే రాయాలి. అది పోలీసు కేసు కాదు కదా అని వదిలేస్తే, వదిలేసినట్టే లెక్క.

అడగని ప్రశ్నకు జవాబు రాయాలా? చట్టం ప్రకారం అక్కర్లేదు. దీనికి మన ఆంధ్ర కేసే ఆధారం. 2005లో ఆంధ్రప్రదేశ్ హోం శాఖ వర్సెస్ బి. చిన్నం నాయుడు కేసులో, ఫారం అడిగింది శిక్ష పడిందా అని మాత్రమే. అభ్యర్థిపై కేసు పెండింగ్‌లో ఉంది గానీ శిక్ష పడలేదు. అతను ‘లేదు’ అని రాయడం దాచడం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ప్రశ్నలో ఉన్న మాటలకే జవాబు. అయితే ఇప్పటి ఫారాలు అప్పటికంటే చాలా విపులంగా అడుగుతున్నాయి, చిన్నం నాయుడికి దొరికిన సందు చాలా ఫారాల్లో లేదు. పాత తీర్పు చూసి ధీమాగా ‘లేదు’ రాసేముందు మీ చేతిలో ఉన్న ఫారం చదవండి.

ఇంగ్లిష్ సరిగ్గా అర్థం కాలేదన్న సాకు పనిచేయదు. కేంద్రీయ విద్యాలయ సంగఠన్ వర్సెస్ రామ్ రతన్ యాదవ్ కేసులో, 2003లో, వ్యాయామ ఉపాధ్యాయుడు తాను హిందీ మాధ్యమంలో చదివానని, 12, 13 కాలమ్‌లు అర్థం కాలేదని వాదించాడు. డిగ్రీలు చదివిన టీచరు ఈ మాట అనడాన్ని కోర్టు ఒప్పుకోలేదు, ఉద్యోగం పోయింది. అర్థం కాకపోతే అడిగి నింపండి.

ఎలా రాయాలి

ఫారంలో ఇచ్చే చోటు సరిపోదు. ‘వివరాలు జతచేసిన పేజీలో’ అని రాసి, విడి కాగితం మీద కేసుకో పేరా చొప్పున పెట్టండి. నమూనా ఇలా:

‘క్రైమ్ నం. …/2019, … పోలీస్ స్టేషన్. ఐపీసీ 323, 506, 34 సెక్షన్లు. నేను ఏ-5 (ఐదో నిందితుణ్ని). 41ఏ నోటీసు ఇచ్చారు, అరెస్టు చేయలేదు. సి.సి. నం. …/2020, … జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టు. తేదీ … న ఫిర్యాదుదారుతో రాజీ మీద నిర్దోషిగా విడుదల. అప్పీలు లేదు. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు కాపీలు జతచేశాను.’

అంతే. ‘రాజకీయ కక్షతో ఇరికించారు’, ‘మా పెదనాన్నకు, వాళ్లకు గట్టు తగాదా’ లాంటివి ఇక్కడ వద్దు. వాటికి తర్వాత, మిమ్మల్ని ఎందుకు తిరస్కరించకూడదో చెప్పమనే షోకాజ్ నోటీసు జవాబులో చోటు ఉంటుంది. కేంద్ర శాఖలకైతే ఇదే విషయాన్ని ఇంగ్లిష్‌లో రాయించుకోండి, తెలుగు తీర్పుకు అనువాదం జతచేయండి.

మొదటి దరఖాస్తులో ఏం రాశారో, అటెస్టేషన్ ఫారంలో అదే రావాలి. ఆన్‌లైన్ దరఖాస్తు నింపింది నెట్ సెంటర్ కుర్రాడైనా, జవాబుదారీ మీదే. అక్కడ ‘లేదు’ అని పడి ఉంటే, అటెస్టేషన్ దశలోనైనా నిజం రాసి, పొరపాటు ఎలా జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పండి. ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు చేసిన సందీప్ కుమార్ కేసులో ఇదే జరిగింది. దరఖాస్తులో చెప్పలేదు, అటెస్టేషన్‌లో చెప్పాడు. కేసు పడినప్పుడు అతనికి 20 ఏళ్లు, రాజీ మీద విడుదలయ్యాడు. కుర్రతనంలో జరిగినదానికి జీవితాంతం ముద్ర వేయకూడదని 2011లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది.

ఫారం ఇచ్చాక కేసు పడితే? కేంద్ర ఫారం మొదట్లో ఉండే హెచ్చరికల్లో ఇదీ ఒకటి: ఫారం ఇచ్చిన తర్వాత నిర్బంధం, శిక్ష, డిబార్ లాంటివి జరిగితే వెంటనే తెలియజేయాలి, లేకపోతే దాచినట్టే. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఏ ముగింపుకు ఎంత బరువు

జైలు శిక్ష పడి, అప్పీలులోనూ నిలిస్తే: దొంగతనం, మోసం, లంచం, ఫోర్జరీ, లైంగిక నేరం, హత్య లాంటివైతే ఆశ పెట్టుకోవద్దు. శిక్ష అమలు నిలిపేశారు కాబట్టి శిక్ష లేనట్టే అనుకోవడం ఇంకో పొరపాటు. అప్పీలు కోర్టు జైలుకు వెళ్లనక్కర్లేదని ఆపిందంతే, దోషి అన్న తీర్పు అలాగే ఉంది. తీర్పునే నిలిపివేయడం వేరే ఉత్తర్వు, అది అరుదుగా వస్తుంది.

ప్రొబేషన్ మీద వదిలేస్తే: 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం 3 లేదా 4 సెక్షన్ కింద వదిలితే, 12వ సెక్షన్ ప్రకారం ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. కానీ దోషి అన్న నిర్ధారణ చెరిగిపోదు. ఫారంలో రాయాలి, పక్కన 12వ సెక్షన్ ప్రస్తావించాలి. తీర్పులో ఏ చట్టం కింద వదిలారో స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. విచారణ నడుస్తుండగానే లాయరుతో ఈ ప్రొబేషన్ చట్టం పేరు తీర్పులో వచ్చేలా అడిగించుకోవడం ఉద్యోగార్థులకు చాలా విలువైన పని.

నిర్దోషిగా విడుదలైతే: ఇక్కడ జనం ఊహించని మెలిక ఉంది. సాక్షులు ఎదురు తిరిగినందుకో, సందేహ లాభం ఇచ్చో వదిలేసిన కేసును, అసలు ఆధారమే లేదని విచారణలో తేలిన కేసును అధికారులు ఒకేలా చూడరు. 2021లో మేథూ మేదా కేసులో కిడ్నాప్ ఆరోపణ నుంచి సాక్షులు ఎదురు తిరగడంతో బయటపడిన అభ్యర్థిని సీఐఎస్‌ఎఫ్ తీసుకోకపోవడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. తీర్పు చివరి పేరాలో ఏ మాటలున్నాయో చదవండి. ‘ప్రాసిక్యూషన్ ఏ ఆధారమూ చూపలేకపోయింది’ అన్న వాక్యం ఉంటే, దాన్ని మీ జవాబులో ఎత్తి రాయండి.

రాజీ: దెబ్బలాట, తిట్టుకోవడం లాంటివైతే పెద్దగా ఇబ్బంది పెట్టవు. 498ఏ (భార్యపై భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం) కేసులు దేశంలో చాలాచోట్ల రాజీకి వీలుకానివి. 2003 ఆంధ్రప్రదేశ్ సవరణ వల్ల పాత స్మృతి కింద మన దగ్గర కోర్టు అనుమతితో రాజీ సాధ్యమైంది. మీ కేసు ఆ దారిలో ముగిసిందా, హైకోర్టు క్వాష్ చేసిందా (కొట్టేసిందా) అన్నది కచ్చితంగా రాయాలి.

18 ఏళ్ల లోపు కేసు: బాల న్యాయ చట్టం 2015, 24వ సెక్షన్ ప్రకారం అనర్హత అంటదు. 16 దాటి, ఘోర నేరంలో పెద్దవాళ్లతో సమానంగా విచారణ జరిగితే మాత్రం ఈ రక్షణ లేదు. బాల్యంలోని కేసు చెప్పలేదన్న కారణంతో ఉద్యోగం తీసేయకూడదని 2019లో రమేష్ బిష్ణోయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదో తరగతి మార్కుల మెమోలోని పుట్టిన తేదీని సంఘటన జరిగిన తేదీ పక్కన పెట్టి లెక్క చూసుకోండి.

పెద్దయ్యాక పడిన శిక్షను ఇన్నేళ్ల తర్వాత రికార్డుల్లోంచి చెరిపేసే సాధారణ చట్టం మన దేశంలో లేదు. ‘ఏడేళ్లు దాటితే పోతుంది’ అన్నది పుకారు.

యూనిఫాం, తుపాకీ ఉన్న కొలువులకు కొలబద్ద వేరు

గుమాస్తాకు దాటిపోయే కేసు కానిస్టేబుల్‌కు దాటిపోదు. 2013లో మెహర్ సింగ్ కేసులో అభ్యర్థి ఏమీ దాచలేదు. రాజీ మీద విడుదలయ్యాడు కూడా. అయినా ఢిల్లీ పోలీసు స్క్రీనింగ్ కమిటీ వద్దంది, సుప్రీంకోర్టు కమిటీనే సమర్థించింది. చట్టాన్ని కాపాడే దళంలోకి వచ్చేవాళ్ల నడవడిక మచ్చలేనిదిగా ఉండాలన్నది వాదన. కేంద్ర సాయుధ బలగాలకు హోం శాఖ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా బిగువు. తీవ్ర నేరాల జాబితాలోని కేసుల్లో సందేహ లాభంతో బయటపడినవాళ్లనూ సాధారణంగా తీసుకోవద్దంటాయి.

అందుకే పాత కేసున్న అభ్యర్థి కానిస్టేబుల్ పోస్టు ఒక్కటే నమ్ముకోకుండా, గ్రూప్ సర్వీసులు, గుమాస్తా పోస్టులకూ దరఖాస్తు పెట్టుకోవడం తెలివైన పని. ఒక చోట తిరస్కరించినంత మాత్రాన మరోచోట తిరస్కరించాలని లేదు, నియామక అధికారి ప్రతిసారీ విడిగా చూడాల్సిందే.

వెరిఫికేషన్‌లో జరిగేది

నియామక శాఖ ఫారాన్ని జిల్లా యంత్రాంగానికి పంపుతుంది. అక్కడి నుంచి స్పెషల్ బ్రాంచ్‌కు, స్థానిక స్టేషన్‌కు. గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఉన్న ప్రతి చోటా ఫారంలో రాయాలి కాబట్టి, కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రెండేళ్లు గదిలో ఉంటే అదీ రాయాలి. ఆ ప్రాంతపు స్టేషన్‌కూ విచారణ వెళ్తుంది. ఇప్పుడు దేశవ్యాప్త పోలీసు రికార్డుల నెట్‌వర్క్ సీసీటీఎన్ఎస్ ద్వారా వేరే జిల్లా, వేరే రాష్ట్రంలోని కేసులూ బయటపడుతున్నాయి. ఊరు మారితే కేసు కనిపించదన్న రోజులు పోయాయి.

విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌కు ఫారంతో జతచేసిన కాగితాల సెట్టు మరొకటి ఇవ్వండి. స్టేషన్ రికార్డులో మీ కేసు ఇంకా పెండింగ్ అని ఉంటే, తీర్పు కాపీ ఇచ్చి అక్కడికక్కడే సరిచేయించండి. రౌడీ షీటో, సస్పెక్ట్ షీటో తెరిచి ఉంటే అది శిక్ష కాదు గానీ నివేదికలోకి వస్తుంది. మూసేయమని ఎస్పీకి అర్జీ ముందే పెట్టాలి.

పాస్‌పోర్టుకో, ప్రైవేటు కంపెనీకో తీసుకున్న పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ చూపించి ‘నాకు క్లియర్ ఉంది’ అనడం ఇక్కడ చెల్లదు. ఆ సర్టిఫికెట్ అడిగే ప్రశ్న వేరు, 12వ కాలమ్ అడిగేది వేరు.

నోటీసు వస్తే

2016 జూలై 21న అవతార్ సింగ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన సూత్రాలే నేటికీ గీటురాయి. మీ జవాబు వాటి చుట్టూనే అల్లుకోవాలి. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసైతే, దాచినా అధికారి తన విచక్షణతో మన్నించొచ్చు. తీవ్రమైన కేసైతే తీసేయొచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇవ్వాల్సిందేనని లేదు, కానీ కేసు స్వభావాన్ని తూచి నిర్ణయించాలి. ఒకటికి మించి పెండింగ్ కేసులు ఉద్దేశపూర్వకంగా దాస్తే అదే పెద్ద నేరంగా చూడొచ్చు. కేసు ఉన్నట్టే అభ్యర్థికి తెలియకపోతే దాచాడనలేరు. ఫారం అడిగింది అస్పష్టంగా ఉంటే ఆ లోపం అభ్యర్థి మీద వేయకూడదు. ఉద్యోగం ఖరారయ్యాక తీసేయాలంటే శాఖాపర విచారణ జరపాలి.

జవాబు 15 రోజుల్లోనో, నోటీసులో చెప్పిన గడువులోనో ఇవ్వాలి. సంఘటన నాటి వయసు, మీపై ఉన్న కచ్చితమైన ఆరోపణ (మిగతా నిందితులది కాదు), కేసు ముగిసిన తీరు, ఆ తర్వాతి నడవడిక, పోస్టు స్వభావం. ఈ ఐదూ ఉంటే చాలు. దాచినది నిజమైతే ‘తెలియక’ అని అబద్ధం ఆడకండి. సమన్లపై మీ సంతకం ఉంటే ఆ వాదన అక్కడే కూలుతుంది.

కారణాలు లేకుండా ‘అనర్హుడు’ అని ఒక్క ముక్కలో ఉత్తర్వు వస్తే అదే మీ బలమైన పాయింటు. 2022లో రైల్వే రక్షణ దళం అభ్యర్థి పవన్ కుమార్ కేసులో, దాచాడన్న ఒక్క కారణంతో యాంత్రికంగా తీసేయడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సతీష్ చంద్ర యాదవ్ కేసులో సీఆర్‌పీఎఫ్ చర్యను సమర్థించింది. 2024లో ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ రవీంద్ర కుమార్‌కు మళ్లీ ఊరటనిచ్చింది. తీర్పులు రెండు వైపులా ఉన్నాయి కాబట్టి, మీ కేసుకు ఏది దగ్గరో చూపించడమే లాయరు పని.

తిరస్కరణను సవాలు చేయాలంటే, కేంద్ర సివిల్ పోస్టులైతే క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) హైదరాబాద్ బెంచ్‌కు, ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి బలగాలు క్యాట్ పరిధిలోకి రావు, నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ రద్దయింది కనుక రాష్ట్ర కొలువులకూ హైకోర్టే. రిట్‌కు ఏడాది గడువు లేకపోయినా, బ్యాచ్ శిక్షణ మొదలయ్యేలోపు వేస్తేనే సీటు ఖాళీగా ఉంచమని మధ్యంతర ఉత్తర్వు అడగడానికి వీలుంటుంది.

ఈ వ్యాజ్యాలన్నీ చివరికి ఫారంలో ఏ మాటలతో అడిగారు, మీరు ఏ మాటలతో రాశారు అన్నదాని మీదే తిరుగుతాయి. ఇచ్చేముందు నింపిన ఫారం ప్రతి పేజీనీ జిరాక్స్ తీసి పెట్టుకోండి. అప్పుడు తీయకపోయి ఉంటే, కేంద్ర శాఖకైతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద మీ సొంత ఫారం కాపీ, మీపై వచ్చిన వెరిఫికేషన్ నివేదిక, స్క్రీనింగ్ కమిటీ నోట్ మూడూ విడివిడిగా పేర్కొంటూ అడగండి. జవాబుకు గడువు 30 రోజులు.